పీట కన్నా ఫైలు బరువు

మా రోజుల్లో స్టూలు చెయ్యాలంటే కర్ర కావాలి, రంపం కావాలి, తిట్టే మాస్టారు కావాలి. ఆ మూడూ ఉంటే నెల తిరిగేసరికి స్టూలు లేచి నిలబడేది. ఇప్పుడు ముందు ల్యాప్‌టాప్ కావాలట. అది తెరిచి, స్టూలు ఎవరికోసమో, వాళ్ల వయసెంతో, వాళ్ల మోకాళ్ల సంగతేమిటో, ఇంతకుముందు లోకంలో ఎవరెవరు ఎలాంటి స్టూళ్లు చేశారో, వాటిలో లోపాలేమిటో, మనం చేసే స్టూలువల్ల ఈ భూమికి ఎంత చేటో అన్నీ రాయాలట. అలా రాయగా రాయగా అరవై డెబ్బై పేజీల ఫైలు తయారవుతుంది. దాని పేరు ఫోలియో. అప్పటికి కర్ర ఇంకా కొట్లోనే ఉంటుంది.

నేను చెప్పేది మెల్‌బోర్న్ సంగతి. మా అబ్బాయి ఊరికి పడమట టార్నీట్‌లో ఇల్లు కట్టుకున్నాడు. వీధికి నాలుగు తెలుగు కొంపలుంటాయి, కరివేపాకు కోసం కారు తియ్యక్కర్లేదు. ఏటా కొన్నాళ్లు నేనూ మా ఆవిడా అక్కడుంటాం. మనవరాలు ఇప్పుడు పన్నెండులో ఉంది. విక్టోరియా రాష్ట్రంలో చివరి రెండేళ్ల చదువును వీసీఈ అంటారు, మన ఇంటర్ లాంటిది. ఇంగ్లీషు ఎలాగూ తప్పదు, మిగతావి వాళ్లిష్టం. ఈ పిల్ల మ్యాథ్స్, కెమిస్ట్రీలతో పాటు ‘ప్రొడక్ట్ డిజైన్ అండ్ టెక్నాలజీస్’ అని ఒకటి తీసుకుంది. కర్ర, ఇనుము, ప్లాస్టిక్, గుడ్డ, ఏదైనా సరే, ఒక మనిషికి పనికొచ్చే వస్తువును ఊహించి, గీసి, చేసి, ఎలా ఉందో తేల్చి చెప్పడం ఆ సబ్జెక్టు. మార్కుల్లో సగం, అంటే 50 శాతం, ఆ ఫోలియోకీ వస్తువుకీ కలిపి. ఇంకో 20 శాతం బళ్లో ఏడాది పొడుగునా పెట్టే పనులకి. ఆఖర్న గంటన్నర రాతపరీక్ష, దానికి 30.

విని నేను సంతోషించానా లేదా అంటే సంతోషించాను. ఆ తర్వాతే సణుగుడు మొదలైంది.

ఎందుకంటే ఇది నాకు కొత్త కాదు. నేను 1966లో నూజివీడు పక్కన మల్టీపర్పస్ హైస్కూల్లో పై తరగతుల్లో చేరినప్పుడు టెక్నికల్ గ్రూపు తీసుకున్నాను. మల్టీపర్పస్ అంటే ఈనాటి పిల్లలకి సినిమా హాలేమో అనిపిస్తుంది. 1952లో కేంద్రప్రభుత్వం సెకండరీ విద్య మీద ఒక కమిషన్ వేసింది. మద్రాసు యూనివర్సిటీ వైస్ చాన్సలర్ లక్ష్మణస్వామి ముదలియార్ దానికి పెద్ద. పిల్లలందర్నీ ఒకే గాటన కట్టి కాలేజీ గేటుకేసి తోలొద్దని, హైస్కూలు చివరి తరగతుల్లో చదువును ఏడు పాయలుగా చీల్చమని ఆయన రాశాడు. మానవీయ శాస్త్రాలు, సైన్సు, టెక్నికల్, కామర్సు, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం. ఆ మాట విని ప్రభుత్వాలు ఊరూరా కాదుగాని తాలూకాకి ఒకటీ అరా ఇలాంటి బళ్లు పెట్టాయి. మా బడి వెనకాల రేకుల షెడ్డు, అందులో టేకు బల్లలు, బల్లకో పట్టు, గోడకి వరసగా ఉలులు, చిత్రికలు, ఆకురాళ్లు, మూలమట్టాలు. గోడమీద ఏ పనిముట్టు చోట ఆ పనిముట్టు బొమ్మ నల్లరంగుతో వేసి ఉండేది. సాయంత్రం బొమ్మ ఖాళీగా కనబడితే షెడ్డు తలుపు వెయ్యరు, ఎవరూ ఇంటికి వెళ్లరు.

మొదటి మూణ్నెల్లూ కర్రని కొయ్యనివ్వలేదు మాస్టారు. ఉలి నూరించారు. నీళ్లరాయి మీద ఉలి పట్టుకుని, కోణం తప్పకుండా ముందుకీ వెనక్కీ, మోచేతులు లాగేసేదాకా. నూరిన ఉలిని తన ముంజేతి మీద పెట్టి చూసేవారు. వెంట్రుకలు రాలితే పాసు. ఆయన కుడి ముంజేయి ఎప్పుడూ నున్నగా ఉండేది, దాన్ని బట్టి ఆ ఏడు పిల్లల తెలివి చెప్పొచ్చు. తర్వాత చిత్రిక పట్టడం. ఆ తర్వాత డ్రాయింగు బల్లమీద టీ స్క్వేరు పెట్టి ప్లాను, ఎలివేషను, సెక్షను. ఆ పైన స్టూలు.

మా నూజివీడు వైపు మామిడితోటలకి లోటేముంది, గాలివానకి పడ్డ చెట్టేదో బడికి ఊరికే వచ్చేది. మామిడికర్ర టేకు కాదు, అంత నమ్మదగ్గది కూడా కాదు, పచ్చిగా ఉంటే వంకర తిరిగిపోతుంది. అందుకని ఏడాదిపాటు షెడ్డు అటకమీద ఎండబెట్టి, మా ముందు బ్యాచివాళ్లు కోసిన దుంగల్ని మాకిచ్చేవారు. మేం కోసింది మా తర్వాతి వాళ్లకి. పద్దెనిమిది అంగుళాల ఎత్తు, అడుగు చదరం పైపలక, నాలుగు కాళ్లు, కాళ్లను కలిపే అడ్డపట్టీలు. అంతా కుసి బెజ్జం బిగింపే. మేకు కనబడిందా, సున్నా. స్టూలు పూర్తయ్యాక మాస్టారు జేబులోంచి పాత బస్సు టికెట్టు తీసేవారు. కుసికీ బెజ్జానికీ నడుమ ఆ టికెట్టు దూరితే అయిదు మార్కులు పోయినట్టే. ఎంత దూరిందో టికెట్టు మీద గోటితో గీత గీసి మరీ చూపించేవారు. రుబ్రిక్కులూ క్రైటీరియాలూ అని ఇప్పుడు నాలుగు పేజీల పట్టికలు ఇస్తున్నారే, మా మాస్టారు రుబ్రిక్కు వెనకాల ‘చిల్లర అడిగి తీసుకోండి’ అని ఉండేది.

ఇంత బాగా చెబుతున్నాను గనక మా రోజులు బంగారమని మీరనుకుంటే నా తప్పు కాదు. క్లాసులో ఎంతమందిమి ఉంటే అన్ని స్టూళ్లూ అచ్చం ఒకటే. ఎవరు కూర్చుంటారని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అనుకోలేదు. ఆ కొలతలు ఏ దేశపు పుస్తకంలోంచి వచ్చాయోగాని, మా ఇళ్లలో అంత ఎత్తు మీద కూర్చునే మనిషే లేడు. ఆడవాళ్లు పీటమీద, మగవాళ్లు అరుగుమీద, ముసలివాళ్లు నులకమంచం మీద. బస్సెక్కితే పూటలో పోయి రాగల దూరంలో కొండపల్లి ఉంది. తెల్లపొణికి కర్ర చెక్కి, ముక్కకి ముక్క అతికి, చింతగింజల పిండిలో రంపంపొట్టు కలిపి మక్కు వేసి బొమ్మ నిలబెట్టేవాళ్లు అక్కడ వీధంతా ఉన్నారు. రెండేళ్ల టెక్నికల్ చదువులో మమ్మల్ని ఒక్కసారి అక్కడికి తీసుకెళ్లినవాడు లేడు. ఆడపిల్లలకి షెడ్డులో ప్రవేశమే లేదు, వాళ్ళకి కుట్లూ అల్లికలూ. మా చిన్నక్క కత్తి పిడి ఊడితే బాడిసతో చెక్కి బిగించేది, ఇంట్లో నాకంటే దాని చెయ్యి నికరం. దానికి హెమ్మింగు నేర్పారు.

ఇక మాస్టారి సంగతి. పేరుకి టీచరే. బీఎడ్ అయ్యవార్లందరూ స్టాఫ్ రూములో కుర్చీల్లో కూర్చుంటే ఆయన షెడ్డులోనే అన్నం తినేవారు. జీతం తక్కువ. పిల్లలు ఎదురుగా మాస్టారూ అనేవాళ్లు, వెనక్కి తిరిగితే ‘వడ్రంగి మాస్టారు’. హెడ్మాస్టరింట్లో తలుపు బిగుసుకుంటే కబురు ఆయనకే వచ్చేది, లెక్కల మాస్టారికి వడ్డీ లెక్కలు వెయ్యమని ఎప్పుడైనా వచ్చిందా? టెక్నికల్ గ్రూపులో చేరానని తెలిసినప్పుడు మా మేనమామ మా నాన్నతో, “బావా, పొలం అమ్మైనా సరే వీణ్ణి డిగ్రీ చదివించు, చేతిలో ఉలెందుకు?” అన్నాడు. ఆయన తప్పేం లేదు. చేతిపని అనగానే కులం గుర్తొచ్చే దేశం మనది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒక పథకం తెచ్చారు. చిన్నపిల్లలకి ఒక పూట బడి, రెండో పూట ఇంట్లో తండ్రి చేసే పని నేర్చుకోవడం. అంటే చాకలి కొడుకు చాకిరేవుకే పోవాలి, వడ్రంగి కొడుకు దూగోడా దగ్గరే ఉండాలని జనం తిరగబడ్డారు. మరుసటి ఏడు కామరాజు వచ్చి దాన్ని ఎత్తేశారు. అంతకుముందు 1937లో గాంధీగారు వార్ధాలో చేతిపని ద్వారానే చదువంతా చెప్పాలన్నారు, దానికి తకిలీ ఒక్కటే మిగిలింది. పిల్లలు నూలు వడికేవాళ్లు, అది బీరువాలో మాగేది. ఏ పథకం చూసినా ఆలోచించేవాడొకడు, చేసేవాడొకడు. ఇద్దరినీ ఒకే పిల్లాడిలో కూర్చోబెట్టాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు.

మా తర్వాత షెడ్డు ఎక్కువకాలం నిలవలేదు. కొఠారీ కమిషన్ 1966లో రిపోర్టిచ్చింది, పదో తరగతిదాకా అందరికీ ఒకే చదువు చాలు, చీలికలు ఆ తర్వాతే అని. మంచిమాటే కావొచ్చు. చీలిక పైకి జరిగింది. 1969లో మన రాష్ట్రంలో ఇంటర్మీడియట్ వచ్చింది. కానీ షెడ్డు పైకి జరగలేదు. ఎంపీసీ, బైపీసీ బోర్డులు తగిలించిన కాలేజీల్లో ఉలికి మేకు ఎవరు కొడతారు? ఒకేషనల్ కోర్సులని తర్వాత పెట్టారు, వాటిల్లో చేరేది మార్కులు రానివాళ్లని ముందే ముద్రవేసి. మా షెడ్డులో కొన్నాళ్లు పాత బెంచీలు, తర్వాత ఎన్నికల డబ్బాలు పెట్టారు. పట్టులూ ఆకురాళ్లూ వేలంలో తూకానికి పోయాయి. 1977లో ఎస్‌యూపీడబ్ల్యూ అని ఇంకోటి వచ్చింది. సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అట. మా పెద్దవాడి చిన్నప్పుడు ఆ పని ఎలా జరిగేదంటే, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి వాడు ఏడుపు మొహంతో వచ్చి రేపు ఏదో ఒకటి చేసి తీసుకెళ్లాలనేవాడు, మా ఆవిడ ఫ్యాన్సీ షాపు తలుపు కొట్టి థర్మోకోల్ తాజ్‌మహల్ కొనుక్కొచ్చేది. సమాజానికి ఏమోగాని ఫ్యాన్సీ షాపుకి ఉపయోగపడింది.

ఇప్పుడు హైదరాబాదు చూద్దాం. మా తమ్ముడి మనవడు అక్కడొక పేరున్న కాలేజీలో ఎంపీసీ. చీకటితో లేచి, చీకటిపడ్డాక కూడా స్టడీ అవర్లలోనే. నేను జీవితమంతా వర్క్‌షాపులో గడిపి ఫోర్‌మన్‌గా రిటైరైనవాణ్ణి గనక వెర్నియర్ కాలిపర్స్ గురించి మాట్లాడుకోవచ్చని ఆశపడ్డాను. కుర్రాడు నా ఆశ వమ్ము చెయ్యలేదు. లీస్ట్ కౌంటు ఎంత, జీరో ఎర్రరు ధనమా రుణమా, మెయిన్ స్కేలు గీత దాటితే ఎలా, తిరగేసిన వెర్నియర్ అయితే ఎలా, ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. జేఈఈలో తరచూ వస్తాయట. ముచ్చటేసి నా పాత మిటుటోయో కాలిపర్స్ చేతికిచ్చాను. “ఇంత బరువుంటుందా తాతయ్యా?” అన్నాడు. పైన చిన్న దవడలెందుకో తెలియదు. గొట్టం లోపలి కొలత వాటితో తీస్తారని చూపిస్తే, “ఓహో, ఇది క్వశ్చన్‌లో ఉండదు” అన్నాడు. మరి ఫిజిక్సు ప్రాక్టికల్సో? అవి పరీక్షకి ముందు కొద్దిరోజులు చేయిస్తారట. 30కి 30 వేస్తారని వాడికి అప్పుడే తెలుసు.

దీన్ని ఆ కుర్రాడి మీద పెట్టడం అన్యాయం. బళ్లకి సామాను లేదనడానికీ లేదు. నీతి ఆయోగ్ వాళ్లు 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఇస్తున్నారు, ఆరు నుంచి పన్నెండు దాకా పిల్లలకి. ఒక్కో బడికి 20 లక్షలు. అందులో పది సామానుకి, పది అయిదేళ్ల ఖర్చుకి. ఇప్పటికి పదివేల బళ్లకి అందాయి, 2025 బడ్జెట్లో ఇంకో యాభైవేలన్నారు. త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు, ఆర్డ్వినోలు. మా ఊరివైపు ఒక బడివాళ్లు నన్ను పిలిచి చూపించారు, పెద్దమనిషినని. ప్రింటరు మీద కుట్టించిన తొడుగు ఉంది, దానిమీద లేసు కూడా. వాడతారా అంటే, కలెక్టరుగారు వచ్చినప్పుడు గణపతి బొమ్మ తీశామన్నారు. పదో తరగతి పిల్లల్ని ఇటు రానివ్వరట, పబ్లిక్ పరీక్షలు గదా. ఎక్కడో బాగా వాడే బళ్లు కూడా ఉండే ఉంటాయి, నేను చూసింది చెబుతున్నాను. వస్తువు కొనడం మనకి ఎప్పుడూ తేలికే. టైంటేబుల్లో గంట ఇవ్వడమే ప్రాణం మీదికొస్తుంది.

కాబట్టి టార్నీట్‌లో ఈ పిల్ల పన్నెండో తరగతిలో, అదీ మార్కులు లెక్కకొచ్చే ఏడాదిలో, ఉలి పట్టుకుని కర్ర దగ్గర నిలబడిందంటే నాకు ముచ్చటే. అది మా ఇంట్లో నాకొక్కడికే ముచ్చట. ఉగాదికి తెలుగువాళ్లందరూ ఒక హాల్లో కలిశారు. పులిహోర ప్లేటు పట్టుకుని ఒకాయన మా అబ్బాయి పక్కన చేరాడు. “పాప ప్రొడక్ట్ డిజైన్ తీసుకుందటగా? అది స్కేల్ డౌన్ కదండీ” అన్నాడు, ఎవరికో బాగోలేదని విన్న గొంతుతో. ఆ రాత్రి ఇంట్లో అదే చర్చ. మా అబ్బాయి నాకు విడమరిచాడు. ఇక్కడ పిల్లల ర్యాంకుని ఏటార్ అంటారు, పైకప్పు 99.95. ఒక్కో సబ్జెక్టుకి 50లో స్కోరు ఇస్తారు, సగటు 30 దగ్గర ఉండేలా. ఆపైన ఆ స్కోర్లని సవరిస్తారు. స్పెషలిస్ట్ మ్యాథ్స్‌లో ముప్పై వచ్చినవాడిది నలభై చుట్టుపక్కలకి ఎగబాకుతుంది. ప్రొడక్ట్ డిజైన్‌లో ముప్పై వచ్చినవాడిది కిందికి జారుతుంది.

“అంటే కర్రపని సులువని వాళ్ల ఉద్దేశమా?” అన్నాను, బీపీ బిళ్ల వేసుకోకుండానే.

“కాదు తాతయ్యా” అంది మనవరాలు. “కష్టమా సులువా అని కాదు. ఆ సబ్జెక్టు తీసుకున్నవాళ్లు మిగతా సబ్జెక్టుల్లో ఎలా చేశారో చూసి సవరిస్తారు. పోటీ ఎంత గట్టిదో అదన్నమాట.”

“అదే కదే నేననేది! బాగా చదివే పిల్లల్ని అమ్మానాన్నలు ఇటు రానివ్వరు. రానివ్వరు గనక స్కేలు దిగుతుంది. స్కేలు దిగింది గనక ఇంకో పదిమంది రారు. ఇది మా మేనమామ మాటే, కంప్యూటర్లో వేశారు.”

మా అబ్బాయి నా వంక చూసి ఏమీ అనలేదు. కోడలు మాత్రం, “మామయ్యగారూ, మనం ఒప్పుకున్నా లోకం ఒప్పుకోవాలిగా” అంది. ఆ లోకంలో పులిహోర ప్లేటాయనే ముందు నిలబడి ఉన్నాడు. ఆయన ఇద్దరు పిల్లలూ స్పెషలిస్ట్ మ్యాథ్సే, పెద్దవాడు ఇప్పుడు ఇంజనీరింగ్ మానేసి వంటవాడి దగ్గర పనినేర్చుకుంటున్నాడట. అది వేరే కథ.

ఏటా మెల్‌బోర్న్ మ్యూజియంలో ‘టాప్ డిజైన్స్’ అని ప్రదర్శన పెడతారు. ముందు ఏడాది వీసీఈ పిల్లలు చేసిన వాటిలో మేలైనవి ఏరి అక్కడ ఉంచుతారు. ప్రొడక్ట్ డిజైన్, విజువల్ కమ్యూనికేషన్, సిస్టమ్స్ ఇంజనీరింగ్, ఇలా. మనవరాలు నన్ను తీసుకెళ్లింది. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లలు చేసిన కుర్చీలు, దీపాలు, పెళ్లిబట్టల్లాంటి గౌన్లు. నేను అలవాటుకొద్దీ ఒక కుర్చీ బిగింపు దగ్గర కళ్లజోడు సవరించుకున్నాను. టికెట్టు దూరేది కాదు. ఆ మాట ఇక్కడ ఒప్పుకుంటున్నాను, ఇంట్లో చెప్పలేదు. వస్తువు పక్కనే ఫోలియో కూడా పెట్టారు. జనం కుర్చీ ఎంతసేపు చూశారో ఫోలియో పేజీలు అంతసేపు తిప్పారు.

ఇక మా పిల్ల ఫోలియో. ఈ పిల్లది పీట. వాళ్ల నానమ్మకి మోకాళ్లు అరిగాయి. నేలమీద కూర్చుంటే లేవలేదు, కుర్చీలో కూర్చుని దేవుడికి దీపం పెట్టడం మనసొప్పదు. ఆ రెంటికీ మధ్య ఎత్తున ఒకటి కావాలి. ఇదీ సమస్య. దీనికోసం నానమ్మని ఇంటర్వ్యూ చేసింది. నాతో యాభై ఏళ్ల కాపురంలో చెప్పని విషయాలు మా ఆవిడ ఆ ఇంటర్వ్యూలో చెప్పింది, లేచేటప్పుడు ఎడమచేతికి ఊతం కావాలని కూడా. మోకాలు ఎంత వంగితే నొప్పో అట్టముక్కలు పేర్చి, ఒక్కో ఎత్తులో కూర్చోబెట్టి లేపి, పదకొండు అంగుళాల దగ్గర తేల్చింది. డబుల్ డైమండ్ అని ఒక బొమ్మ ఉంది, బ్రిటిష్ డిజైన్ కౌన్సిల్ వాళ్లది. ముందు సమస్యని విశాలంగా చూసి కుదించాలి, తర్వాత పరిష్కారాల్ని విశాలంగా చూసి కుదించాలి. ఆ రెండు వజ్రాల మధ్య మా ఆవిడ మోకాళ్లు.

ఒక పేజీలో చెంబు బొమ్మ చూసి ఆగిపోయాను. ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అని అమెరికన్ దంపతులు, కుర్చీలకి పేరుపడ్డవాళ్లు. 1958లో మన ప్రభుత్వం పిలిస్తే దేశమంతా తిరిగి ఒక రిపోర్టిచ్చారట. అందులో చెంబుని మెచ్చుకున్నారు. ఎన్ని నీళ్లు పట్టాలి, చంకనెత్తుకుంటారా తలమీదా, నిండుగా ఉన్నప్పుడు తూకం ఎలా, వంచినప్పుడు నీళ్లెలా పడాలి, లోపల చెయ్యిపెట్టి తోమడానికి వీలుందా, ఇవన్నీ తరతరాలుగా సర్దుకుంటూ వచ్చిన వస్తువని. ఆ రిపోర్టు మీదే 1961లో అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. నా చదువంతా చెంబుతో నీళ్లు తాగుతూ చదివాను, ఒక్క మాస్టారూ దాన్ని బల్లమీద పెట్టి గియ్యమనలేదు. గాజు కూజా గీయించారు. ఇంకో పేజీలో ఏటికొప్పాక లక్కబొమ్మలు, అంకుడు కర్ర, ఆకులూ గింజలతో తీసిన రంగులు, వాటిని మళ్లీ బతికించినందుకు సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ. టార్నీట్‌లో కూర్చుని ఈ పిల్ల వరాహనది ఒడ్డున ఏం జరుగుతోందో రాసింది. నేను కొండపల్లి దాకా కూడా వెళ్లలేదు చదువుకునే రోజుల్లో.

సరే, ఇంత రాసింది గదా, కర్ర మాటేమిటి? అక్కడా ఒక అధ్యాయం. విక్టోరియన్ యాష్ అని అక్కడి యూకలిప్టస్ జాతి కర్ర ఉంది, బాగుంటుంది. కానీ 2024 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రంలో సహజారణ్యాల్లో కర్ర కొట్టడం ఆపేశారు. అందుకని ఈ పిల్ల పడగొట్టిన ఇంటి నేలపలకలు వెతికి తెచ్చింది. పాత మేకులు పీకింది, లోపల మేకు మిగిలిందేమోనని అయస్కాంతం పెట్టి చూసింది. ఇది నాకు నచ్చింది. మూడు రకాల బిగింపులు చేసి ఒక్కోదానికి నీళ్లడబ్బాలు వేలాడదీసి ఏది ముందు విరుగుతుందో పరీక్షించింది. కుసి బెజ్జమే ఆఖర్న విరిగింది. నన్నడిగితే ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి. “నువ్వు చెబితే ప్రూఫ్ కాదు తాతయ్యా” అంది.

అసలు గొడవ చిత్రిక దగ్గర. పలకలు ఇంటికి తెచ్చినప్పుడు చూశాను. ఒక అంచు మీద చిత్రిక నారకి ఎదురు తిరిగింది, పెచ్చు లేచింది. గరాజ్‌లోకి వెళ్లి, అబ్బాయి కొన్న కొత్త చిత్రిక ఉంటే పదును చూసుకుని చెయ్యి వేశాను. వెనకనించి ఒకటే కేక. “తాతయ్యా! ముట్టుకోకు! ఆథెంటికేషన్!” పని మొత్తం పిల్లదేనని టీచరు దశదశలో చూసి సంతకం పెట్టాలట. ఇంట్లో పెద్దవాళ్ల చెయ్యి పడితే లెక్కకి రాదట. నలభై ఏళ్లు ఇనుమూ కర్రా కోసి తిన్నవాణ్ణి, సొంత మనవరాలి పీటకి రెండు పట్లు చిత్రిక వెయ్యడానికి వీల్లేదు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు, మాట్లాడకుండా. “నార ఎటుందో చూసుకోమని చెప్పనా?” అన్నాను. కాసేపు ఆలోచించి, “చెప్పు, కానీ ఎవరు చెప్పారో ఫోలియోలో రాస్తాను” అంది. అలా అరవై మూడో పేజీలోనో ఎక్కడో నా పేరు ఎక్కింది, సమాచారమిచ్చిన మూలం కింద. మా మాస్టారి పేరు ఏ కాగితం మీదా ఎక్కలేదు, జీతాల రిజిస్టరు తప్ప.

వాళ్ల టీచరు ఒకావిడ. కళ్లద్దాలు, చెవులకి మఫ్లు, రంపం బిళ్ల ఆవిడే మారుస్తుంది. మా షెడ్డులో కంటికి అడ్డం ఏదీ ఉండేది కాదు. నా పక్కబల్ల కుర్రాడికి గోరు పోయింది, మాస్టారు పసుపు అద్ది ఇంటికి పంపారు. ఈ విషయంలో మాత్రం నేనేమీ సణగను.

పోయిన వారం పీట ఇంటికొచ్చింది. ఎడమపక్క ఊతంతో, మూలలు గుండ్రంగా, నూనె పట్టించి. ఇప్పుడు చివరి అధ్యాయం, వాడినవాళ్ల అభిప్రాయం. మా ఆవిడ పూజ దగ్గర కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. పిల్ల పెన్ను పట్టుకుని ఎదురుగా నిలబడింది.

“బావుందే తల్లీ. కానీ ఊతం ఇంకో అరంగుళం ముందుకుండాలి. ఒత్తుల డబ్బా పెట్టుకోడానికి చోటు లేదు. పైగా జారుతోంది ఈ టైల్స్ మీద.”

నాకు గుండె జారింది. మా రోజుల్లో మాస్టారు పరీక్ష బల్ల దగ్గర ఇలా మూడు మాటలు అంటే ఆ ఏడాది పోయినట్టే. పిల్ల మొహం చూశాను. అది వెలిగిపోతోంది.

“మూడు! నానమ్మా, ఇంకేమైనా ఉన్నాయా? లోపాలు కనిపెట్టి ఎలా సరిచేస్తానో రాస్తే ఎవాల్యుయేషన్‌లో మార్కులొస్తాయి.”

తప్పుకి మార్కులేమిటో, ఇదెక్కడి చదువో అని నేను గొణిగాను. మా ఆవిడ పీటమీంచి లేవకుండానే, “నాలుగోది కూడా రాసుకో. మీ తాతయ్య కూడా దీనిమీద కూర్చుంటానంటున్నారు, ఆయన బరువుకి ఆగదు” అంది.